ఏబేలు అయ్యోరు పిల్చిన పేరు

ఇంట్లో బడి ఈడు పిల్లోళ్ళు ఎంతమంది అంటావా? ఏందబ్బాయా, వాకిట్లో కాలు పెట్టీ పెట్టకముందే లెక్కలడుగుతావు. కూచో ముందు. ఆ మంచం మీద కాదు, నులక తెగింది, ఇట్ల అరుగు మీద కూచో. కొత్తగా వచ్చిన సారువి నువ్వే గదా, గిద్దలూరోళ్ళ పిల్లోడివంట. నిన్ను సారూ అనాలంటే నాకు నోరు తిరగదు, నాయనా అంటాలే, ఏమీ అనుకోమాక. మనవరాలు దుకాణానికి పోయింది, వస్తది, పేర్లు అదే రాయిస్తది. ఈలోగా నేను చెప్పేది ఒక మాట విను. ఈ ఊర్లో ఆడోళ్ళను నిలబెట్టి నీకెంతమంది పిల్లలని అడగమాక. నీ ఎదురుగా ఆడుకుంటా ఉండేవాళ్ళను నీ కంటితో చూసి రాసుకో. ఎందుకంటావా? ఇట్లనే ఒకాయన అడిగినాడు గనక. ఏబేలు అయ్యోరని. మీ నాయన కూడా పుట్టి ఉండడులే. తెల్లోళ్ళ దొరతనం అప్పుడు, పైన మద్రాసు, మనదంతా కర్నూలు జిల్లా. ఒంగోలంటే మాకు పరాయి ఊరు. నాకు ఆరేళ్ళో ఏడేళ్ళో. ఇప్పుడు ఈ కండ్లు మసకేసినాయి గాని ఆయన గొడుగు పట్టుకొని వీధిలో నిలబడింది మాత్రం నాకు ఇప్పటికీ కనపడతా ఉంది.

ఆయనది దర్శి పక్క. కిరస్తానీ ఆయన. మనిషి పొడుగు, సన్నం, ఎండ ఉన్నా లేకున్నా చేతిలో గొడుగు. ఆ రోజుల సంగతి నీకు తెలుసో లేదో, ఆయన్ను మా ఇళ్ళల్లో గడప తొక్కనిచ్చేవాళ్ళు కాదు. పాపపు పని నాయనా అది, ఇప్పుడు అంటున్నా గాని అప్పుడు మాకెవరికీ తప్పనిపించలే. మరి అట్లాంటోళ్ళు పిల్లోళ్ళను ఆయన దగ్గరికి ఎట్ల పంపినారని అడుగు. ఇంకెవరూ ఈ రాళ్ళ ఊరికి రాలే, అదీ సంగతి. బోర్డువాళ్ళు పంపిన అయ్యోర్లు పంపినట్టే నెల తిరక్కముందే మూట కట్టుకొని పోయేవాళ్ళు. ఈయనొక్కడు నిలబడినాడు. పలకల కొట్టంలో బడి. ఊరి చుట్టూ గుంతలు తవ్వి బండలు తీసి, చీల్చి, పలకలు చెక్కి ఎడ్లబండ్ల మీద మార్కాపురం తోలేవాళ్ళు గదా. పగిలినవీ వంకరవీ ఆ కొట్టంలో గోడకు ఆనించేవాళ్ళు, ఆ పలకల మధ్యన చాపలేసి బడి. మా ఊరి పలకల మీద యాడెక్కడి పిల్లోళ్ళో అఆలు దిద్దుతా ఉంటే, మా పిల్లోళ్ళు గుంతల్లో కూచొని పలకల అంచులు గీకేవాళ్ళు. పొద్దుగూకులూ పలక చేతిలోనే, ఒక్కడికీ ఒక్క అక్షరం రాదు. బడికి వచ్చే కొద్దిమంది పలకలు కూడా అయ్యోరు ముట్టుకోగూడదని పెద్దోళ్ళ కట్టడి. ఆయన ఒక చింతబరికె పెట్టుకొని, దూరం నించి దాని కొసతో చూపించి, ఈడ కొమ్ము లేదు, ఆడ సున్న తప్పింది అని దిద్దేవాడు. కోపం అనేది నేను చూడలే ఆ మనిషిలో. ఉంటే యాడ దాచుకున్నాడో.

ఆయనకొచ్చిన తిప్పలు ఏందంటే, బడికి పిల్లోళ్ళు చాలరు. ఇరవై మంది కూడా లేరు. సంజీవరావని ఒక ఇన్స్పెక్టరు ఉండేవాడు, నశ్యం పీల్చుకుంటా ఒంటెద్దు బండిలో వచ్చేవాడు. ఆయన చెప్పినాడంట, ముప్పై మంది లేని బళ్ళకు తాళం వేయమని పైనించి ఉత్తర్వు, వానాకాలంలో మళ్ళీ వస్తా, ఆలోగా ముప్పై చేయి, లేకుంటే నువ్వు వేరే దారి చూసుకోమని. ఏబేలు అయ్యోరికి వేరే దారి యాడిది? పెండ్లాం లేదు, పిల్లల్లేరు అనుకున్నాం మేము. ఈ బడి తప్ప ఆయనకు ఇంకో ఊసు లేదు. ఇంగ పేర్ల పట్టీ చంకన పెట్టుకొని ఇల్లిల్లూ తిరగను మొదలుపెట్టినాడు, నీ లెక్కనే.

ఇప్పుడు నీకు మా ఊరి పద్ధతొకటి చెప్పాలె. మా ఊర్లో తల్లిని ఎంతమంది పిల్లలని అడిగితే పోయిన బిడ్డను కూడా కలిపే చెప్తాది. తగ్గించి చెప్పగూడదు. లెక్కలో లేకుండా చేస్తే ఆ బిడ్డ అలిగి, ఉన్న బిడ్డను తోడుకు పిల్చుకుంటాదని. పేరడిగితే పేరు చెప్పాలె, వయసడిగితే బతికి ఉంటే ఎంతుంటాదో అంత చెప్పాలె. పోయినాడని మాత్రం నోటితో అనగూడదు. ఊర్లోవాళ్ళందరికీ తెలిసిందే గనక ఎవరికీ తిప్పలు లేదు. ఆ పరాయి మనిషికి ఎవరు చెప్తారు? ఆయన దడి అవతల వీధిలో నిలబడి అడిగేవాడు, మా ఆడోళ్ళు తలుపు చాటునించి పలికేవాళ్ళు. మొహాలు కనపడవు, ఇంట్లో ఎవరున్నారో కనపడదు. మాయింటి ముందుకు కూడా వచ్చినాడు. మాయమ్మ పేరు లక్ష్మీదేవమ్మ. నేను ఆమె కొంగు పట్టుకొని తలుపు వెనకాలే ఉండా. ఎంతమంది పిల్లలమ్మా అంటే, ఇద్దరయ్యా అనింది. ఓబులేసు, పదేళ్ళు. సుబ్బులు, ఆరేళ్ళు. సుబ్బులు అంటే నేనే. ఆడపిల్లను ఆయన అడగను కూడా అడగలే, అడిగినా పంపేవాళ్ళెవరు. ఓబులేసును రాసుకుంటానమ్మా, రేపట్నించి పంపు అన్నాడు. మాయమ్మ అవుననలే, కాదనలే. ఓబులేసు పోయి అప్పటికి రెండేళ్ళు.

మా చేని పక్కన పాత పలకల గుంత ఉండేది, తవ్వి వదిలేసింది. వానకు నిండింది. మాయన్న జీవాలు తోలుకపోయినాడు. మేకపిల్ల జారి అందులో పడితే దాని కోసం దిగినాడు. మేకపిల్ల గడ్డకెక్కింది. అంతకుముందు ఆ గుంత అంచున నిలబడి మేము మా పేర్లు మేమే అరుచుకునేవాళ్ళం, గుంత లోపల్నించి తిరిగి అదే పేరు వచ్చేది, నవ్వుకునేవాళ్ళం. వాడు పోయినాక ఎవరూ ఆ దిక్కు పోయి అరవలే. ఇంట్లో కూడా వాడి పేరు ఎత్తేవాళ్ళం కాదు. మా నాయన రంగయ్య మొదలే మాట తక్కువ మనిషి, ఆ తరవాత ఎడ్లతో తప్ప మనుషులతో మాట్లాడింది లేదు.

ఊర్లో ఇంకా చాలా ఇళ్ళల్లో పోయిన బిడ్డలున్నారు గాని, వాళ్ళంతా చంటోళ్ళు. ఈడు రాలేదని అయ్యోరు రాసుకోలే. బడి ఈడులో పోయినోడు మా ఓబులేసు ఒక్కడే. అట్ల వాడి పేరు పట్టీలోకెక్కింది. మర్నాడు పేర్లు పిలుస్తా పిలుస్తా ఓబులేసూ అని పిల్చినాడంట. పిల్లోళ్ళంతా బిగుసుకపోయినారంట. వాడెవడో వాళ్ళందరికీ తెలుసు, చెప్పేదానికి మాత్రం ఎవరికీ నోరు రాదు. రాలేదా, సరే అని ముందుకు పోయినాడు. ఆ మర్నాడూ పిల్చినాడు. అట్ల రోజూ. పది రోజులు చూసి మళ్ళీ మా దడి దగ్గరికి వచ్చినాడు. అమ్మా, మీ పిల్లోడు ఒక్కరోజూ రాలే, నేను రోజూ పిలుస్తానే ఉండా అన్నాడు. మాయమ్మ తలుపు చాటున గోడకానుకొని నిలబడి ఉంది. రెండేళ్ళాయె ఆ పేరు ఎవరూ పిలవక. ఈయనెవరో పిలుస్తున్నాడు, అదీ రోజూ, పిలిచి జవాబు కోసం ఆగుతున్నాడు. మాయమ్మ మొహం నేను కిందనించి చూస్తా ఉండా. తలుపు చాటునించే అనింది: "పిలుస్తా ఉండు అయ్యోరా. వస్తాడు."

ఆ పొద్దుటినించి ఆమె పని మారిపాయె. పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకొని పేడకని బయలుదేరేది. పేడ లేదు ఏం లేదు, పోయి కొట్టం వెనక గోడ దగ్గర నిలబడేది. నేను వెంట. లోపల అయ్యోరు పేర్లు పిల్చేవాడు. ఓబులేసు అని వినపడంగానే మాయమ్మ కండ్లు మూసుకునేది. ఒక్కొక్క పేరుకీ లోపల్నించి ఎవరో ఒకరు ఆజర్, అంటే వచ్చినానని, అరుస్తారు, ఆ ఒక్క పేరు తరవాత మాత్రం సద్దుండదు. ఆ తరవాత పేరు వచ్చేదాకా నిలబడి, గంప తీసుకొని ఇంటికొచ్చేది. ఎన్నాళ్ళు అట్ల పోయినామో నాకు తెలవదు. ముసురు పట్టిన పొద్దున ఒకనాడు, చినుకు పడతా ఉంది, ఓబులేసూ అన్నాడు అయ్యోరు. లోపల్నించి ఆజర్ అని వచ్చింది. గట్టిగా కాదు. గుంతలోనించి మా పేరు మాకు తిరిగి వచ్చినట్టు, కొంచెం ఆలస్యంగా, అడుగునించి వచ్చింది. నేను విన్నా నాయనా. నవ్వమాక. ఈ చెవులతోనే విన్నా. మాయమ్మ గంప నేల మీద పెట్టి, గోడకు చెంప ఆనించి, అట్లనే నిలబడిపాయె. అయ్యోరు తలెత్తి చూడలేదంట, వచ్చినాడు గదా అని గీత పెట్టుకొని ఇంకో పేరు పిల్చినాడు. ఆయనకేం తెలుసు.

ఆ తరవాత వాడు రోజూ వచ్చినాడు. కొట్టంలో పలకలు ఆనించిన మూల చీకటిగా ఉండేది, ఆ మూలన ఎవరూ కూచునేవాళ్ళు కాదు. ఎక్కాలు చెప్పిస్తా ఉంటే ఆ మూలనించి ఒక గొంతు అందరికంటే వెనకపడి వచ్చేది. పిల్లోళ్ళు ఇండ్లల్లో చెప్పినారు, ఊరంతా తెలిసింది, మా నాయనకు తెలిసింది. మా నాయన చేని పని ఇడిచిపెట్టి నేరుగా కొట్టం దగ్గరికి పోయినాడు. ఎవరూ అనగూడని మాట ఆయన అన్నాడు. నా కొడుకు పోయినాడు, ఆ పేరు కొట్టెయ్ అన్నాడు. ఏబేలు అయ్యోరు నమ్మలేదా అంటే నమ్మినాడు. చాప మీద కూలబడినాడంట. వాడికి గుణింతాలు సగం వచ్చినాయి అయ్యా, మూలనుంటాడు, నాకు చూపు ఆనదు గనక మొహం చూడలే, బరికె కొసతో పలక చూపించి దిద్దుతానే ఉండా అన్నాడంట. ఆ మాట చెప్తా చెప్తా ఆ బరికెను కింద పెట్టేసినాడంట. పేరు కొట్టేస్తే ముప్పైకి ఒకరు తగ్గుతారు. దానికీ మా నాయనే చెప్పినాడు, నా బిడ్డ సుబ్బుల్ని రాసుకో, వాడికి బదులు దీన్ని, లెక్క సరిపోతాది అని.

ఇంటికొచ్చి మాయమ్మకు చెప్తే మాయమ్మ అన్నం సట్టి ముందు పెట్టుకొని కూచొని ఉంది, లేవలే. బతికుండగా గొర్రెల వెంట తిప్పినాం వాణ్ణి, ఇప్పుడన్నా నాలుగు అక్షరాలు నేర్చుకుంటా ఉంటే ఓర్చుకోలేకపోతివి అనింది. ఇంకో మాట కూడా అనింది. వాడి చోట్లో దీన్ని కూచోబెడితే వాడు దీన్ని ఊరకుంటాడా అనింది. నా దిక్కు చూసి కాదులే, సట్టి దిక్కు చూసి అనింది. మా నాయన వినలే. మర్నాడు నన్ను పట్టుకపోయి బడిలో కూచోబెట్టినాడు. ఈ ఊర్లో బడికి పోయిన మొదటి ఆడపిల్లను నేను, ఆ లెక్కన పోయినా. ఎవరూ జాగా ఇయ్యలే. మిగిలింది ఆ మూలొక్కటే.

ఇన్స్పెక్టరు వచ్చిన రోజు అయ్యోరు గుంత గుంతకూ పోయి బతిమాలి అందర్నీ తెచ్చినాడు. సంజీవరావు కుర్చీలో కూచొని ఆయనే పేర్లు పిల్చినాడు. ముప్పై పేర్లకు ముప్పై మంది పలికినారు, నాతో కలిపి. ఓబులేసు పేరు లేదు, కొట్టేసినారు గదా. అయ్యోరి మొహం కొంచెం తేటపడింది. ఇన్స్పెక్టరు లేచి, బెత్తంతో గాలిలో గీతలు గీసుకుంటా తలలు లెక్కబెట్టినాడు. ఆగినాడు. మళ్ళీ మొదట్నించి లెక్కబెట్టినాడు. ఆయన మాటలు వేరే తీరు, మనయి కాదు. "ఏమయ్యా ఏబేలూ, పేర్లు ముప్పై, తలలు ముప్పై ఒకటి వస్తున్నాయేమిటి? అన్ని బళ్ళల్లోనూ పేర్లుంటాయి, పిల్లలుండరు. నీ బళ్ళో పిల్లాడున్నాడు, పేరు లేదు." ఇన్స్పెక్టరు బెత్తం నా దిక్కు చాపినాడు. నా దిక్కు కాదు, నా పక్కకు. నువ్వు, పలకల దగ్గర కూర్చున్నవాడివి, పేరేమిట్రా అన్నాడు. నేను పక్కకు చూసినా. గోడకు ఆనించిన పలకలు తప్ప ఏమీ లేదు నాయనా. గుంత నీళ్ళ చలువ మాత్రం నా మోచేతికి తగలతా ఉంది. ఓబులేసు అని వచ్చింది. నాన్న పేరు అంటే, రంగయ్య అని వచ్చింది. డజను పలకలకు గీకాల్సిన అంచులెన్ని అంటే, నలభై ఎనిమిది అని వచ్చింది, ఆలోచించను కూడా లే. శభాష్ అని ఇన్స్పెక్టరు నశ్యం పీల్చి, పట్టీ తెప్పించుకొని, తన చేత్తోనే ఆ పేరు మళ్ళీ రాసి పోయినాడు. ఇంత చురుకైన వాణ్ణి రాసుకోకుండా ఎట్లా ఉన్నావయ్యా అని అయ్యోరి మీద విసుక్కున్నాడు కూడా. బడి నిలబడింది. ఇంగ ఆ పేరు కొట్టేసేదానికి ఎవరికి చేతులున్నాయి? ఇన్స్పెక్టరు చేతి రాత అది.

భయపడి ఊరోళ్ళు పిల్లోళ్ళను మాన్పించినారా అంటావు. అదే నేను చెప్పబోయేది. శేషమ్మని మా వెనకింటామె, చంటిబిడ్డను పోగొట్టుకున్నది, ఒకనాడు కొట్టం దగ్గరికి పోయింది. మావాడికి ఇప్పటికి ఆరేళ్ళొచ్చినాయి అయ్యోరా, రాసుకో అనింది. ఆమె వెనక ఇంకొకామె. ఆ తరవాత ఇంకొకామె. తలుపు చాటునించి తప్ప మాట్లాడని ఆడోళ్ళు, ఎండలో వరసన నిలబడినారు ఆయన ముందర. ఏబేలు అయ్యోరు చేతులు జోడించి, అమ్మా, ఉన్నోళ్ళను పంపండి, రాసుకుంటా, మిగతాది నా చేతిలో లేదు అన్నాడు. ఆడోళ్ళు ఆలోచించినారు. సుబ్బులు బడికి పోయినాక గదా, పేరు కొట్టేసినా ఓబులేసు వచ్చి పక్కన కూచున్నాడు, చెల్లెలు పోతే అన్న వచ్చినాడు, మనోళ్ళూ తోడబుట్టినోళ్ళ వెంట వస్తారేమో అని. అంతే, గుంతల్లోనించి పిల్లోళ్ళను లాక్కొచ్చి బడిలో పడేసినారు. ఆడపిల్లల్ని కూడా. గుంతల కాంట్రాక్టరు వచ్చి లబలబలాడినాడు, ఎవరూ వినలే. రెండేళ్ళు తిరిగేసరికి కొట్టం పట్టలే, బయట పందిరేసినారు. తాలూకాలో మా బడి పేరు చెప్పుకునేవాళ్ళంట. మీ బడిలో పిల్లోళ్ళు చాలలేదని తిరుగుతున్నావు గదా, అప్పుడు వచ్చి చూడాల్సింది. మిగతా బిడ్డలు వచ్చినారా అంటే, నాకు తెలవదు. పేర్లు పిల్చేటప్పుడు ఆ ఆడోళ్ళంతా పందిరి చుట్టూ నిలబడేవాళ్ళు, ఎవరికి ఏం వినపడిందో ఎవరూ చెప్పుకోలే.

నా సంగతి చెప్తా. ఇంట్లో నేను లేనట్టే. మాయమ్మ రోజూ రెండు సద్ది మూటలు కట్టేది, పెద్దది వాడిది. వాడి మూట విప్పకుండానే తిరిగొచ్చేది, దాన్ని నాకు పెట్టదు, జీవాలకేస్తాది. బడినించి రాంగానే అన్న ఏం రాసినాడు, అన్నను ఏం అడిగినారు అని. నేను ఏం రాసినానని ఒక్కనాడు అడగలే. నా తల పేలు పట్టి పుండ్లు పడితే శేషమ్మే నూనె రాసింది. దారిలో పోతా నేను ఆమె చెయ్యి పట్టుకుంటే విడిపించుకునేది, ఆ చెయ్యి వాడికంట. కుళ్ళుగా ఉండేది నాకు. ఏడుపొచ్చేది. పోయినోడి మీద కుళ్ళేందని నువ్వనుకుంటావు, ఆరేడేళ్ళ పిల్లకు ఏం తెలుస్తాది, అమ్మ కావాలె అంతే.

ఐదేళ్ళు గడిచిపాయె. మా బడి అయిదు దాకానే. పెద్ద బడి మార్కాపురంలో. అయ్యోరికి అప్పటికి పలకల దుమ్ము రొమ్ములో చేరి దగ్గు పట్టింది. పరీక్షలు పెట్టినాడు. మూలనించి అన్నీ సరిగ్గా వచ్చినాయి, ఒక్క లెక్క తప్పలే. మాయమ్మకు గుబులు పుట్టింది. పాసయితే వీడు పోతాడు. ఈ కొట్టంలో పేరు పిల్చేవాళ్ళుండరు. నన్ను వెంటబెట్టుకొని పోయి అయ్యోరి ముందర కూచునింది. వాణ్ణి పరీక్షలో తప్పించు అయ్యోరా అనింది, ఇంకొక ఏడు ఇక్కడే ఉంచు, ఆ తరవాత ఇంకొక ఏడు తప్పించు అనింది. ఆయన చానాసేపు దగ్గి, తప్పు చేయనోణ్ణి ఎట్ల తప్పించేది తల్లీ, వాడి చదువు అయిపోయింది, వాణ్ణి ఈ మూలన ఎన్నేండ్లు కూచోబెడతావు అన్నాడు. మాయమ్మకు కోపమొచ్చింది. నీకు బిడ్డలుంటే తెలిసేది అనింది. ఆయన కింద చూపులు చూసి, "ఉండిరమ్మా. ముగ్గురు" అన్నాడు. మా పద్ధతిలో మేం ఎన్నడూ అనని మాట అది, ఉండిరి అని. ఆ మాట మాయమ్మ విన్నాక ఇంగ అడగలే. ఆయనే అన్నాడు, ఒంటరిగా పంపను తల్లీ, నేను తోడు పోయి పెద్ద బడిలో పేరు రాయించి వస్తా అని.

పోయినాడు. మర్నాడు పొద్దున, ఎండ ముదరకముందే. ఊరంతా వీధిలో నిలబడి చూసినాం. ఆ గొడుగును ఎప్పుడూ నెత్తిమీద నిటారుగా పట్టుకునే మనిషి, ఆ పొద్దు ఎడమ పక్కకు వంచి పట్టుకొని పోయినాడు, తన మీద ఎండ పడతా ఉంది. రెండో చెయ్యి కిందికి చాపి ఉంది. ఆయన్ను దడి దాటనీయని, మనిషిని ముట్టుకోనీయని ఊరు గదా మాది, ఎవరి చేతినో పట్టుకొని పోతున్నాడు చూడు అని మా నాయన అన్నాడు, ఆయన మాట్లాడిందే అరుదు. గుంతల మలుపు దాకా కనపడినాడు. అంతే. మళ్ళీ తిరిగి రాలే. మార్కాపురం బడిలో అడిగితే ఆ పేరుగల అయ్యోరు ఎవరూ రాలేదన్నారు. దర్శి పక్కకు మనిషిని పంపితే ఆడికీ రాలేదన్నారు. దారిలో గుంతలన్నిట్లో గాలాలేసినారు, నీళ్ళు తోడినారు, ఆయన లేడు, గొడుగు లేదు. దారిలో జీవాలు కాచేవాళ్ళు మాత్రం ఆ పొద్దు ఎవరో ఎక్కాలు చెప్పుకుంటా పోతున్నట్టు విన్నామన్నారు. ఒకరు చెప్తే ఒకరు తిరిగి చెప్తున్నట్టు. నమ్మితే నమ్ము లేకుంటే లేదు.

ఒకటి చెప్పడం మరిచినా. ఆయన బయలుదేరేముందు మాయింటి ముందుకు వచ్చినాడు. అప్పుడు దడి అవతల నిలబడలే, మా నాయనే లోపలికి రమ్మన్నాడు, వాకిట్లోకి వచ్చి నిలబడినాడు. అయ్యా, సుబ్బులు కూడా పాసయింది, దీన్నీ పంపండి, ఇద్దర్నీ తీసుకపోయి చేర్పిస్తా అన్నాడు. మా నాయన ఆలోచిస్తా నిలబడినాడు, ఒప్పుకునేవాడే అనుకుంటా. నాకు పోవాలని ఉండె నాయనా. చదువంటే నాకు ప్రాణం. నాకూ రొట్టెల మూట కట్టుకొని పెట్టుకున్నా, ఎవరూ చెప్పకుండానే, నేనే కట్టుకున్నా. ఆ గొడుగు కిందకు పోను ఒకడుగు ముందుకేసినా. మాయమ్మ గడపలో నిలబడి ఉంది, ఓబులేసు దిక్కే చూస్తా, అంటే అయ్యోరి ఎడమ పక్క చూస్తా ఉంది. చూస్తా చూస్తానే చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకుంది. ఐదేళ్ళ తరవాత నన్ను ముట్టుకుంది. నా దిక్కు చూడలే, వదల్లే. ఇది రాదు అయ్యోరా, వాడొక్కడే అనింది. గాజు విరిగి నాకు గుచ్చుకుంది, అయినా బిగించే పట్టుకుంది. నేను గింజుకుంటే వదిలేదేమో. ఏమో. ఏడుస్తా నిలబడినా, గింజుకోలే. ఆ చెయ్యి ఎంత వేడిగా ఉండెనో...

అదిగో, మనవరాలు వస్తా ఉంది. కొంచెం మజ్జిగ తాగి పో నాయనా, ఎండెక్కింది.